మూడో నంబరు గ్లాసు

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలైతే నాకు ఇప్పటికీ చేతులు కడుక్కోవాలనిపిస్తుంది. సబ్బుతో ఒకసారి, శనగపిండితో ఒకసారి, చివర్న నిమ్మచెక్కతో ఒకసారి. కడుక్కుని ఎక్కడికీ పోను. తువ్వాలుకు తుడుచుకుని ఊరికే కూర్చుంటాను. మా ఇంట్లోవాళ్ళు దీన్ని చాదస్తం అంటారు. అననీ.

నేను కరెంటు మోటార్లకు తీగ చుట్టేవాణ్ణి. బంగారు గనులు మూతపడ్డ కొత్తలో ఆండర్సన్‌పేటలో కొట్టు పెట్టాను. ఊళ్ళో సగం మంది పొద్దున్నే రైలెక్కి బెంగళూరుకు కూలికి పోతున్న రోజులవి. నాకు మాత్రం పని పల్లెల నుంచి వచ్చేది. మాది ముళబాగిలు పక్క రాగిచేల ఊరు. మావాళ్ళ బోర్లలో నీళ్ళు కిందికి దిగేకొద్దీ మోటార్లు కాలిపోయేవి, వాటిని నా దగ్గరికి మోసుకొచ్చేవాళ్ళు. చుట్టిన తీగకు వార్నిష్ పట్టించి ఆరబెట్టాలి. ఆ వాసన చేతులకు, చొక్కాకు, చివరికి తినే అన్నానికి కూడా పట్టేది.

ఒకరోజు ఒకాయన సైకిలు వెనక టేబుల్ ఫ్యాను కట్టుకుని వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. గడప అవతలే ఆగి ముక్కు పైకెత్తాడు.

"ఏమప్పా, వార్నిష్ డబ్బా మూత తీసి శానా దినాలయిండాదే? పులిసిపోయిండాది. మార్చు."

నాకు ముక్కు మీద కోపం. నా కొట్టుకొచ్చి నాకే పాఠం చెప్తావా అని నోటికొచ్చినట్టు అన్నాను. ఆయన నవ్వి, ఫ్యాను పెట్టి వెళ్ళిపోయాడు. సాయంత్రం డబ్బా తిరగేసి చూస్తే నిజంగానే అడుగున చిక్కగా ముద్దకట్టి ఉంది. మర్నాడు కొత్త వార్నిష్ తెచ్చి ఆ ఫ్యానుకే మొదట పట్టించాను. ఆయన్ని అన్నా అని పిలవడం అప్పటి నుంచే.

అన్న గనిలో లోపలికి దిగినవాడు కాదు. పైన అస్సే ఆఫీసులో పని చేశాడు. పైకొచ్చిన రాతిని పొడిచేసి, కొలిమిలో కరిగించి, అందులో బంగారం ఎంతుందో తూచి చెప్పే చోటు అది. ఆ ఆఫీసును ఆనుకునే, రాతిపొడిలోంచి బంగారం లాగే సైనైడ్ మిల్లు. సైనైడ్ ఆవిరి లేస్తే కొందరి ముక్కుకు బొత్తిగా తెలియదట. అన్నకు ఇంత లేచినా తెలిసేది. ఎక్కడైనా అనుమానం వస్తే ఆయన్ని పిలిపించేవారు. ఆయన గుమ్మంలో నిలబడి "పోండి లోపలికి" అంటేనే మనుషులు పోయేవాళ్ళు. గని మూసిన రోజు చాలామంది ఉద్యోగం పోయిందని ఏడిస్తే, అన్న మాత్రం "ఇంగ ఈ ముక్కుతో ఏం చేసేది?" అని వదినను అడిగాడట.

ఏం చేయాలో మా స్నేహంలో మూడోవాడు చూపించాడు. వాడు మిలిటరీ నుంచి వచ్చి ఆటో నడుపుకునేవాడు. మేము సుబేదారు అని పిలిచేవాళ్ళం, ఆ పదవి వాడికి ఎన్నడూ రాలేదు. నెలనెలా క్యాంటీన్ కోటాలో సీసాలొచ్చేవి. ఒక ఆదివారం అన్న ఉండే గని క్వార్టరు ముందు, తడికల వాకిట్లో కూర్చుని నేనూ వాడూ విస్కీలో కూల్ డ్రింకు కలుపుకుని, కళ్ళు మూసుకుని, మందు మింగినట్టు మింగుతున్నాం. అన్న చూసి చూసి గ్లాసు నా చేతిలోంచి లాగేసుకున్నాడు.

"కషాయం తాగతాండారా? దీన్ని చేసినోడు ఎన్నేండ్లు చెక్క పీపాయిలో పెట్టినాడో, దాన్ని మీరు గొంతులో పడేసి చేతులు దులుపుకుంటాండారు. తప్పప్పా. రాయిని చూసినట్ల చూడాల దీన్ని."

అట్లా మొదలైంది. మాకు అంతవరకు విస్కీ అంటే మత్తు, మరుసటిరోజు తలనొప్పి. అన్నకు అది చేతికొచ్చిన శాంపిల్. మూడు చిన్న గ్లాసులు, అడుగున అంటించిన నంబరు చీటీలు. ఇంకు పోసే ఫిల్లరుతో నాలుగు చుక్కల నీళ్ళు. ముందు వాసన, వాసన మీద మాట, ఆ తర్వాతే నాలుక. వాసన అయ్యేదాకా వేయించిన శనక్కాయల గిన్నె ముట్టకూడదు. చర్చిలో సాయంకాలం ఆరాధనకు వదిన బయల్దేరేలోగా గ్లాసులు కడిగి బోర్లించేయాలి. వదిన ఆ సీసాల పేరెత్తితేనే మొహం తిప్పుకునే మనిషి, ఆమె పెట్టిన షరతు అది ఒక్కటే.

ఇంకో నియమం నా ఒక్కడికే.

"చేతులు కడుక్కొని రాప్పా. నీ వార్నిష్ గ్లాసులోకి దిగతాది. మాకు ఇంగేమీ తెలీకుండా పోతాది."

ప్రతివారం అనేవాడు. కడుక్కుని వచ్చినా మళ్ళీ కడిగించేవాడు. నేను విసుక్కునేవాణ్ణి, ఒక్కోసారి తిట్టేవాణ్ణి. అయినా కడుక్కునేవాణ్ణి.

మాకు వాసనలు అంత సులువుగా తెలియలేదు. సుబేదారుకు రెండే వాసనలు, "బాగుండాది", "శానా బాగుండాది". నాకు అన్నీ వార్నిష్. అన్న మాత్రం కళ్ళు మూసుకుని నెమ్మదిగా ఒక్కొక్కటే చెప్పేవాడు. తడిసిన రాయి. ఆరిపోయిన కార్బైడ్ దీపం. చెమట పట్టిన తోలు బెల్టు. గోనెసంచిలో బొగ్గు. అన్న చెప్పాక మళ్ళీ చూస్తే నిజంగానే ఉండేది. నేను గనిలోకి ఎన్నడూ దిగలేదు, కానీ ఆ గ్లాసులోంచి ఎన్నోసార్లు దిగాను. ఇది కోడిగుడ్డుకు ఈకలు పీకే పని అని మా ఆవిడ నవ్వేది. ఆరురోజులు కాలిన మోటార్ల మధ్య బతికేవాణ్ణి, ఏడోరోజు అంత నిదానంగా ఒకదాన్ని చూడటం నాకు ఎంత సుఖంగా ఉండేదో ఆమెకు చెప్పలేకపోయాను.

ఆ వాకిట్లోనే అన్న మాకు బ్లాంక్ సంగతి చెప్పాడు. అస్సే ఆఫీసులో పైఅధికారి ఎప్పుడైనా ఒక శాంపిల్ మధ్యలో దూర్చేవాడట. అందులో గురివిందగింజంత కూడా బంగారం ఉండదు, వట్టి రాయి. పరీక్షించేవాడికి చెప్పరు. అందులో బంగారం ఉందని ఎవడైనా రాసిస్తే, వాడు పని చేయకుండా నోటికొచ్చింది రాస్తున్నాడని అర్థం.

"అప్పుడేం చేస్తారన్నా? డిస్మిస్సా?" అన్నాడు సుబేదారు.

"ఎవురూ ఏమీ అనరు. వాడే పట్టకారు బల్ల మీద బోర్లించి లేసి పోతాడు. ఇంగ కొలిమి కాడికి రాడు. స్టోరులో పని అడుక్కుంటాడు. అది మా పద్ధతి."

"నువ్వు ఎప్పుడైనా బోర్లించినావా?"

అన్న సుబేదారును ఎంత తీక్షణంగా చూశాడంటే వాడు శనక్కాయల గిన్నె ఎత్తుకుని పక్కకు జరిగాడు.

ఎన్నో ఏళ్ళు అట్లా గడిచాయి. తర్వాత ఒక వానాకాలంలో అన్న రైల్వే గేటు దగ్గర సైకిలు మీంచి వెల్లకిలా పడ్డాడు. తల వెనక రెండు కుట్లు. రెండువారాలకు లేచి తిరిగాడు. సుబేదారు ఇంక ఆటోలో తప్ప పోవద్దని సైకిలుకు తాళం వేశాడు. అంతటితో అయిపోయిందనుకున్నాం.

ఆ దెబ్బ తర్వాత అన్న రెండు కొత్త నియమాలు పెట్టాడు. సీసాలు శనివారమే తన ఇంటికి చేర్చాలి, ఆటోలో కుదిలిన సరుకు ఒక రాత్రి నిలబడితే గానీ నిజం చెప్పదు. గ్లాసుల్లో పోసేది ఇకమీదట వదిన, మా ముగ్గురిలో ఎవరు పోసినా మిగతావాళ్ళకు అనుమానమే. మాకు న్యాయంగానే తోచింది. వదిన మాత్రం ఎట్లా ఒప్పుకుందో అని ఆశ్చర్యపోయాం. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పళ్ళెంలో మూడు గ్లాసులు తెచ్చి పెట్టి, మాట్లాడకుండా లోపలికి పోయేది.

అన్న మాటలు కూడా మారాయి. కార్బైడ్ దీపాలు, తోలు బెల్టులు పోయాయి. వేయించిన రాగులు అనేవాడు. ముగ్గిన అరటిపండు. నెయ్యి కాచిన గిన్నె. బెల్లం పాకం ముదిరి అడుగంటబోయే ముందు. మాకు ఇవే ఇంకా బాగా తెలిసేవి, ఎంతైనా అన్నం తినే నోళ్ళు కదా. వయసు మీద పడ్డాక అన్న వంటింట్లో చేరాడని సుబేదారు ఏడిపించేవాడు. అన్న నవ్వేవాడు. వంటింటి కిటికీ వైపు చూసి నవ్వేవాడు. అది ఇప్పుడు గుర్తొస్తోంది.

ఇంతలో మా ఊరి రైతు ఒకాయన, నేను బాగుచేసిన మోటారు రెండు వేసవులు కాలకుండా నిలిచిందని సంతోషపడి, ఎవరో విదేశం నుంచి తెచ్చిచ్చిన స్కాచ్ సీసా ఒకటి నా చేతిలో పెట్టాడు. సీలు కూడా తీయలేదు. అంతటి సరుకు మేము అప్పటివరకు చూడలేదు. శనివారం దాకా ఆగే ఓపిక నాకెక్కడిది? ఆదివారం నేరుగా వాకిట్లోకి తీసుకుపోయి అన్న ముందే సీలు తిప్పి, నేనే గ్లాసులో పోసి చేతికిచ్చాను. పెళ్ళిచూపుల్లో పిల్ల తండ్రిలా ఎదురుగా కూర్చున్నాను.

అన్న చాలాసేపు గ్లాసు పట్టుకున్నాడు. వంటింటి వైపు ఒకసారి చూశాడు. ఒక చుక్క నాలుక మీద వేసుకుని, "సాదా సరుకప్పా," అన్నాడు. గ్లాసు కింద పెట్టేశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా సీసా కాబట్టే అట్లా అన్నాడనుకున్నాను. తీగ చుట్టుకునేవాడికి ఇంత మంచిది ఎక్కడ దొరుకుతుందిలే అనుకున్నాడని లేనిపోనిది ఊహించుకున్నాను. మూత బిగించి సీసా వెనక్కి తెచ్చేసి కొట్టులో బల్ల కింద దాచాను. ఆ వారమంతా తీగ చుడుతూ అదే ఆలోచన. ఈయన నిజంగా వాసన చూస్తున్నాడా, మమ్మల్ని ఆడిస్తున్నాడా? ఆ ప్రశ్న బుర్రలో పడ్డాక ఇక ఆగలేదు. బ్లాంక్ పెడదామని సుబేదారుతో అన్నాను. వాడు మొదట వద్దన్నాడు. తర్వాత, ఏముందిలే నవ్వులాట అని ఒప్పుకున్నాడు. వాణ్ణి ఇందులో నిందించను, చేసింది నేను.

ఆ ఆదివారం టీ కొట్లో పాలు కలపని డికాషన్ తీసుకుని, చల్లార్చి, నీళ్ళు కలిపి విస్కీ రంగుకు తెచ్చి, చిన్న సీసాలో పోసుకుని జేబులో పెట్టుకున్నాను. ఆలస్యమైందని కొట్టు నుంచి అట్లాగే పరుగెత్తాను. వదిన పళ్ళెం పెట్టి లోపలికి పోయింది. సుబేదారు ఆటో టైరు చూడమని అన్నను తడిక అవతలికి తీసుకుపోయాడు. నేను మూడో నంబరు గ్లాసులోది పూలకుండీలో పారబోసి, నీళ్ళతో తొలిచి, టీ పోశాను.

అన్న వచ్చి కూర్చున్నాడు. ఒకటో నంబరు చెప్పాడు, రెండోది చెప్పాడు. మూడోది ఎత్తి, కళ్ళు మూసుకుని, నిండుగా ఊపిరి పీల్చాడు.

"ఇది శానా పెద్ద సరుకప్పా. ముందర వేయించిన రాగులు. దాని ఎనకాల ముగ్గిన అరటిపండు... ఇంగ కడగా, ఉండుండు... నెయ్యి కాచిన గిన్నె. పీపాయిలో శానా దినాలు ఉండాది ఇది."

నాకు నవ్వు ఆగలేదు. పగలబడి నవ్వాను. తొడలు చరుచుకుని నవ్వాను. సుబేదారు కూడా నవ్వాడు గానీ మధ్యలో ఆగిపోయాడు. అన్న మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, గ్లాసు నోటికెత్తాడు. టీ. ఉమ్మలేదు. నిదానంగా, చివరి చుక్క దాకా తాగాడు. తాగి, గ్లాసును బల్ల మీద బోర్లించి, లేచి లోపలికి పోయాడు.

"అన్నా, ఊరికే నవ్వులాటకి..." అన్నాడు సుబేదారు. తలుపు మూసుకుంది.

మళ్ళీ అన్న వాకిట్లో కూర్చోలేదు. సుబేదారు మూడుసార్లు పోయి పిలిచాడు. "పని కాడికి ఇంగ రాకూడదప్పా" అన్నాడట, అంతే. నేను పోలేదు. ఇన్నేళ్ళు మా ముందు వేషం కట్టింది ఆయన, నేనెందుకు పోవాలి? ఆయనే రావాలి, వచ్చి నిజం ఒప్పుకోవాలి. నా కొట్టుకూ ఆయన క్వార్టరుకూ మధ్య ఒక్క సందు. ఆ సందు తప్పించి చుట్టూ తిరిగి ఇంటికి పోయేవాణ్ణి. ఎనిమిది నెలలు అట్లా తిరిగాను. అంత పౌరుషం నేను ఇంకే మంచి పనిలోనూ చూపించలేదు.

చలికాలంలో అన్నకు ఛాతీలో నెమ్ము చేరింది. ఆసుపత్రిలో మూడురోజులు ఉన్నాడు. రెండోరోజు సుబేదారు ఆటో తెచ్చి నా కొట్టు ముందు ఆపి, ఎక్కు అన్నాడు. ఒక మోటారు చేతిలో ఉంది, రైతు ఎదురుగా కూర్చుని ఉన్నాడు, రేపొస్తానన్నాను. మర్నాడు పొద్దున్నే అన్న పోయాడు. సమాధుల తోటలో పెట్టె మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. వదిన నా వైపు చూసి తలూపింది. క్షమించమని అడగాల్సిన మనిషి పెట్టెలో ఉంటే ఎవరిని అడగాలి?

రెండు నెలలు గడిచాక, ఒక మధ్యాహ్నం వదిన టేబుల్ ఫ్యానుతో కొట్టుకు వచ్చింది. అదే ఫ్యాను. మళ్ళీ తీగ కాలింది. లోపలికి అడుగుపెట్టగానే కొంగు ముక్కుకు పెట్టుకుంది.

"అబ్బా, ఏం వాసనప్పా ఇది! ఈ చేతులతోనే కదా నువ్వు కడాకి వచ్చినదినం మా వాకిట్లో కూర్చున్నావు. కిటికీలోనుంచి నాకే తల తిరిగిపాయ."

ఆరోజు నేను చేతులు కడుక్కోలేదు. కొట్టు నుంచి నేరుగా పోయాను. అన్న కడుక్కోమని అనలేదు. ఆరోజే కాదు. సైకిలు మీంచి పడ్డాక ఒక్క ఆదివారం కూడా అనలేదు. నాకు చెప్పి చెప్పి విసిగిపోయాడనుకున్నాను.

"వదినా," అన్నాను. "అన్నకి వాసన..."

"యాడిదప్పా? తలకి దెబ్బ తగిలినప్పుడే పోయింది. పొయ్యి మీద పాలు మాడతాంటే పక్కనే కూర్చోని పేపరు చదువుకుంటా ఉండాడు. అప్పుడు తెలిసింది నాకు. ఆసుపత్రిలో అడిగితే ఇంగ రాదన్నారు. ఎవురికీ చెప్పొద్దని నా చేత చేతిలో చెయ్యి ఏయించుకున్నాడు. తెలిస్తే ఆదివారాలు నిలిచిపోతాయంట. ముక్కు లేనోని కాడికి ఎవురొస్తారు అన్నాడు."

అయితే ఆ రాగులు, ఆ అరటిపండు?

వదిన ఫ్యాను మీది దుమ్ము కొంగుతో తుడుస్తూ చెప్పింది. శనివారం రాత్రి సీసా వచ్చినాక ఇద్దరూ వంటింట్లో కూర్చునేవాళ్ళట. నోట్లో ఒక్క చుక్క పోసుకోని మనిషి, పేరెత్తితేనే మొహం తిప్పుకునే మనిషి, మూత తీసి ముక్కుకు పెట్టుకుని, అదేం వాసనో తనకు తెలిసిన మాటల్లో చెప్పేది. ఆయన మళ్ళీ మళ్ళీ అడిగి, పిల్లలు పద్యం అప్పజెప్పినట్టు బట్టీ పట్టేవాడు. ఆదివారం ఏ సీసాది ఏ నంబరులో పోస్తుందో ముందే చెప్పి ఉంచేది.

"నాకేం తెలుస్తాదప్పా ఆ పాడుదాని సంగతి. రాగులు తెలుసు, నెయ్యి తెలుసు. అదే చెప్పినాను. మీరిద్దరూ తలకాయలాడిస్తా ఉంటే లోపల నాకు నవ్వొచ్చేది. దేవుడు తప్పు పట్టుకున్నా పట్టుకోనీ అనుకున్నాను. ఆ మనిషి ఆరుదినాలు గోడని చూస్తా కూర్చునేవాడు, ఏడో దినం కదా నవ్వేది."

"ఆరోజు లోపలికొచ్చి ఏమన్నాడు?"

"ఏమంటాడు? 'పిల్లోళ్ళు సరిగ్గానే చేసినారు, నేర్పించింది నేనే కదా' అన్నాడు. అట్లన్నాడే గానీ, మీ కుర్చీలు మాత్రం లోపల పెట్టనీలేదు. వానకి తడిసి కాళ్ళు ఊడొచ్చినాయి."

నాకు ఏడుపొచ్చింది. కొట్లో, పట్టపగలు, కాలిన మోటార్ల మధ్య, యాభై దాటుతున్న మగవాణ్ణి, చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. చేతులు వార్నిష్ కంపు. వదిన ఊరుకోమని అనలేదు.

తర్వాత ఏం తోచిందో, వంగి బల్ల కిందినుంచి ఆ స్కాచ్ సీసా తీశాను. అన్న సాదా సరుకు అన్న సీసా. ఒక గ్లాసు మాత్రమే తగ్గింది, మూత బిగించింది బిగించినట్టే ఉంది. దీన్నేం చేయాలో తెలియక, అన్న సాదా అన్నది ఇదేనని చెప్పి ఆమె చేతిలో పెట్టాను.

వదిన దాన్ని పట్టుకుని కొట్టు బయటికి, వార్నిష్ వాసన లేని చోటికి నడిచింది. రోడ్డు పక్క నిలబడి మూత తిప్పింది. ఆటోలు పోతున్నాయి, తెలిసినవాళ్ళు చూస్తున్నారు, ఆమె పట్టించుకోలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. అచ్చం అన్న మూసుకున్నట్టే మూసుకుంది.

"పొయ్యిలో నీళ్ళు పోసి ఆర్పిన కట్టె," అంది. "దాని ఎనకాల తేనె... ఇంగ కడగా, తొలి వాన పడిన బండ." మూత పెట్టి బిగించి, సీసా నా చేతికి తిరిగిచ్చింది. "దీన్నా సాదా అన్నాడు? ఒక్క దినం ముందర పంపించింటే నేను చెప్పింటాను కదప్పా ఆయనకి."